ముందు గదిలో మొదలైన బడి

వికారాబాద్, తాండూరుల్లో చిన్న ప్రైవేటు బడి ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది? దాని అసలు పెట్టుబడి ఎవరిది?

జూన్ రెండో వారంలో బళ్లు తెరుస్తారు. అంతకు చాలా ముందే వికారాబాద్, తాండూరు వీధుల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు, పక్కన ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ అన్న మాట, అడుగున కరస్పాండెంటు ఫోన్ నంబరు. చాలా చిన్న బళ్లలో ఆ ఫోన్ ఎత్తేది ఆయన భార్య. ఆమే హెడ్ మిస్ట్రెస్. ఫీజు రసీదు రాసేదీ ఆమే. ఏ టీచరైనా రాని రోజున మూడో తరగతి లెక్కలు చెప్పేదీ ఆమే. రిజిస్టర్లలో మాత్రం మొదటి పేరు ఆయనది.

అద్దె ఇంటి ముందు గదిలో ఇరవై, ముప్పై మంది పిల్లలతో మొదలై, పదేళ్లకు మూడంతస్తులై, గేటు ముందు రెండు పసుపు బస్సులు నిలిపిన బళ్లు తెలంగాణలో ఏ చిన్న పట్టణంలోనైనా కనిపిస్తాయి. బ్యాంకులు వీటికి మొదట్లో అప్పివ్వవు. ప్రభుత్వం గ్రాంటు ఇవ్వదు. ఫీజు చూస్తే నగరంలో ఒక్క కార్పొరేట్ బడి పుస్తకాలకు తీసుకునే సొమ్ముకు కూడా సరిపోదు. మరి ఈ బడి దేని మీద పెరిగింది? ‘మా కష్టం మీద’ అంటారు కరస్పాండెంట్లు. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం వెతకాలంటే బడి లెక్కల పుస్తకం విప్పాలి. దానికంటే ముందు ఈ రెండు ఊళ్లనూ చూడాలి.

రైలు దారిలో రెండు ఊళ్లు

సికింద్రాబాద్–వాడి రైలు మార్గంలో రెండు పట్టణాల మధ్య దూరం సుమారు నలభై కిలోమీటర్లు. పైగా వంశానికి చెందిన అమీరు, హైదరాబాద్ సంస్థాన ప్రధానమంత్రిగా పనిచేసిన వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన ఊరు వికారాబాద్. బీదర్, పర్లి వైపు వెళ్లే రైలు మార్గం ఇక్కడే చీలుతుంది. అనంతగిరి గుట్టల మీద అనంతపద్మనాభస్వామి గుడి, క్షయ రోగుల కోసం కట్టిన శానిటోరియం, కోర్టులు, ఆఫీసులు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరేట్ కూడా వచ్చింది. నెల జీతగాళ్ల ఊరు కనుక ఇక్కడ ఫీజు కూడా నెల లెక్కనే నడుస్తుంది. మెథడిస్టు మిషన్ వాళ్లు వచ్చి బడులు పెట్టిన చోటు కాబట్టి ‘మిషన్ బడి’ క్రమశిక్షణ ఇక్కడి పాత తరానికి కొత్త కాదు.

తాండూరు దారి వేరు. నాపరాళ్ల గనులు, బండలు కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ లారీలు, హమాలీలు. పొలాల్లో కంది. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాగ్నా నది దాటి కాస్త ముందుకు పోతే కర్ణాటక. ఒకే తరగతి గదిలో తెలుగు, ఉర్దూ, కన్నడ ఇళ్లలో మాట్లాడే పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు.

ఈ ఊరి సంపాదనకూ బడి క్యాలెండరుకూ పొత్తు కుదరదు. బడి తెరిచే జూన్‌లోనే వానలు మొదలై గనుల్లో నీళ్లు నిలుస్తాయి, బండ తీసే పని మందగిస్తుంది. రైతు చేతిలోని డబ్బు విత్తనాలకు, ఎరువులకు పోతుంది. అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు మీద పడేదీ అప్పుడే. కంది చేతికొచ్చేది డిసెంబరు తర్వాత. ‘కందులు అమ్మినంక కడతా సారూ’ అన్న మాట వినని కరస్పాండెంటు ఈ ప్రాంతంలో ఉండడు. బడి ఆరునెలల పాటు తల్లిదండ్రులకు అప్పుపెట్టి, పరీక్షల ముందు వసూలు చేసుకుంటుంది. హాల్ టికెట్ల సమయంలో గేటు దగ్గర వాదనలు జరిగేది అందుకే. ఆ ఆరునెలల అప్పును బడి తరఫున మోసేదెవరన్నది ముందు ముందు తేలుతుంది.

ముందు గది, వెనక వంటిల్లు

ఇలాంటి బడిని పెట్టేది తరచుగా బీఈడీ చదివి డీఎస్సీలో ఉద్యోగం రాని యువకుడో, వేరే ప్రైవేటు బడిలో కొన్నేళ్లు పాఠాలు చెప్పి పని నేర్చుకున్న టీచరో. చేతిలో ఉండేది భార్య నగల మీద తెచ్చిన అప్పు, తండ్రి అమ్మిన అర ఎకరం డబ్బు. ముందు గదిలో నర్సరీ, ఎల్‌కేజీ. పక్క గదిలో ఒకటి, రెండు తరగతులు. వెనక వంటిల్లు, సంసారం. నేల మీద తాండూరు బండలు, గోడ మీద ఏబీసీడీ చార్టు.

మొదటి ఏడాది పిల్లలు ప్రచారంతో రారు. వేసవిలో భార్యాభర్తలు ఇల్లిల్లూ తిరుగుతారు. మా అక్క కొడుకును పంపుతున్నాం, మీరూ పంపండి అంటూ బంధువులు కూడదీస్తారు. బడి పెరిగేది ఏడాదికో తరగతి చొప్పున. మొదటి బ్యాచ్ రెండో తరగతి పాసైతే మూడో తరగతి తెరవక తప్పదు. లేదంటే ఆ పిల్లలు వేరే బడికి పోతారు, వెంట తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ తీసుకుపోతారు. అలా ఆరో ఏటికి ఏడో తరగతి, తొమ్మిదో ఏటికి పదో తరగతి. చిన్న బడి వయసును దాని పెద్ద బ్యాచ్‌ను చూసి చెప్పేయొచ్చు.

2011 జనాభా లెక్కల ప్రకారం నేటి వికారాబాద్ జిల్లా ప్రాంతంలో అక్షరాస్యత 57.91 శాతం. రాష్ట్ర సగటు 66.54 శాతం. ప్రోగ్రెస్ రిపోర్టు చదవలేని తల్లిదండ్రులు చాలా మంది ఉన్న చోట బడి నాణ్యతను వాళ్లు కళ్లకు కనిపించే వాటితో కొలుస్తారు: టై, బెల్టు, బూట్లు, డైరీలో రోజూ హోంవర్కు, చుట్టాల ముందు పిల్లాడు చెప్పే ఇంగ్లిష్ రైము. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. రోజూ టీచరు వస్తున్నదా, పిల్లాడి నోట్సు దిద్దుతున్నదా అని వాళ్లు వాకబు చేస్తూనే ఉంటారు. ఆ రెండింటి విషయంలో చిన్న బడి సాధారణంగా మాట నిలబెట్టుకుంటుంది. యజమాని ఉండేది బడిలోనే. టీచరు రాకపోతే పదింటికల్లా తెలిసిపోతుంది.

పాతబస్తీలో ఒక తల్లి పెట్టిన బడి

ఈ తరహా బడుల్లో ప్రపంచం దృష్టికి వచ్చినది ఒకటి మనకు దగ్గర్లోనే, హైదరాబాద్ పాతబస్తీలో ఉంది. బ్రిటన్‌కు చెందిన విద్యా పరిశోధకుడు జేమ్స్ టూలీ 2000 జనవరి 26న, రిపబ్లిక్ డే సెలవు నాడు, చార్మినార్ వెనక వీధుల్లో తిరుగుతూ చిన్న ప్రైవేటు బడులను చూశాడు. పేదలు ఉచిత ప్రభుత్వ బడి ఉండగా డబ్బు కట్టి వేరే బడికి పంపడం ఆయనను ఆశ్చర్యపరిచింది. అక్కడ ఆయన చూసిన బడుల్లో పీస్ హైస్కూల్ ఒకటి. 1973లో ఒక తల్లి మొదలుపెట్టిన బడి అది. కొడుకు పదో తరగతి చదువుతున్నప్పుడే అక్కడ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, 1998లో తల్లి నుంచి నిర్వహణ అందుకున్నాడు. టూలీ వెళ్లేనాటికి అక్కడ ఫీజు తరగతిని బట్టి నెలకు 60 నుంచి 100 రూపాయలు. కట్టలేని పిల్లలకు ఉచితం.

ఆ తర్వాత ఆయన బృందం పాతబస్తీలోని బండ్లగూడ, బహదూర్‌పుర, చార్మినార్ మండలాల్లో గల్లీ గల్లీ తిరిగి బడులను లెక్కపెట్టింది. మొత్తం 918 బడులు తేలాయి. వాటిలో దాదాపు 60 శాతం ఎలాంటి ప్రభుత్వ సాయం లేని ప్రైవేటువి. గుర్తింపు లేనివే 335. ప్రభుత్వ బడులు 320 మాత్రమే. 2009లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది బ్యూటిఫుల్ ట్రీ’తో పాతబస్తీ బడులు ప్రపంచ విద్యా చర్చల్లోకి ఎక్కాయి. తక్కువ ఫీజు బడే పేదల చదువుకు దారి అని ఆయన వాదించాడు. ఆ వాదనను ఒప్పుకోని వాళ్లూ చాలా మందే ఉన్నారు.

ఆ కథలో మన చర్చకు పనికొచ్చే అంశం ఒకటుంది. బడి పుట్టింది ఒక ఆడమనిషి చేతుల్లో. తర్వాత కొడుకు శ్రమ దానికి తోడైంది. మన వికారాబాద్, తాండూరుల్లోనూ మొదటి పెట్టుబడి అదే.

కొత్త విషయమేమీ కాదు

తల్లిదండ్రుల డబ్బుతో నడిచే వీధి బడి మన దగ్గర నిన్న మొన్న పుట్టలేదు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన ఇలాకాలోని బడుల లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టర్ క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో ఆ ఒక్క జిల్లాలోనే 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్టు తేలింది. తాండూరు లాగే అక్కడా తెలుగు, కన్నడ కలగలిసిన జనం. పంతులు బతుకు పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే దాని మీదే నడిచేది.

నిజాం ఏలుబడిలో వీటిని ఖాంగీ బడులు అనేవారు. 1920ల్లో సర్కారు అనుమతి లేనిదే బడి పెట్టకూడదన్న కట్టడి వచ్చాక వాటిలో ఎన్నో మూతపడ్డాయి. ఆంధ్ర మహాసభ పెద్దలు ఎలుగెత్తిన సమస్యల్లో ఇదీ ఒకటి. 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెడితే ఇక్కడ గుర్తింపు దొరక్క, మహారాష్ట్రలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకోవాల్సి వచ్చింది. బడి పెట్టడం కంటే గుర్తింపు తెచ్చుకోవడమే కష్టమన్న మాట మన ప్రాంతంలో వందేళ్ల నాటిది.

ఏడుగురి సొసైటీ, ఒక్కరి సంతకం

ఇప్పటి చట్టంలో ‘కుటుంబ బడి’ అనేదే లేదు. వ్యక్తి పేరు మీద బడికి అనుమతి రాదు. సొసైటీయో ట్రస్టో ఉండాలి. తెలంగాణ ప్రాంతంలో చాలా కాలం నిజాం ఏలుబడిలోని ఫస్లీ లెక్కలో 1350 నాటి పబ్లిక్ సొసైటీల చట్టం కింద ఇవి రిజిస్టరయ్యేవి. 2001లో కొత్త చట్టం వచ్చింది. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. తాను, భార్య, బావమరిది, తమ్ముడు, ఇద్దరు స్నేహితులు, ఊళ్లో గౌరవమున్న ఒక రిటైర్డ్ పంతులు. లెక్క సరిపోయింది. సమావేశాల పుస్తకంలో ఏడు సంతకాలు, చెక్కుల మీద ఒక్కటే.

1982 నాటి విద్యా చట్టం, దాని కింద 1994 జనవరి 1న వెలువడిన జీవో నంబర్ 1, ఆపైన 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం. ప్రైవేటు బడికి ఇవే ముఖ్యమైన కట్టుబాట్లు. భవనం గట్టిదనానికి ఇంజినీరు సర్టిఫికెట్, శానిటరీ సర్టిఫికెట్, అగ్నిమాపక శాఖ అనుమతి, ఆటస్థలం, బ్యాంకులో డిపాజిట్, అర్హతలున్న టీచర్లు. ఇవన్నీ ఊరికే పెట్టిన షరతులు కావు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు బడి కాలి 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు మెట్లు, గడ్డి పైకప్పు ఎంత పని చేస్తాయో దేశానికి అప్పుడు తెలిసింది.

గుర్తింపు రాని బడి ఏం చేస్తుంది? పై తరగతుల పిల్లల పేర్లు గుర్తింపున్న మరో బడి రిజిస్టరులో రాయిస్తుంది. పిల్లాడు చదివేది ఒక చోట, పదో తరగతి మెమో మీద ఉండేది ఇంకో బడి పేరు. తల్లిదండ్రులు అడ్మిషన్ రోజునే గుర్తింపు పత్రం ఏ తరగతి దాకా ఉందో చూపించమని అడగాలి. విద్యాహక్కు చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా ఆపకపోతే రోజుకు పది వేల దాకా.

లెక్కల పుస్తకం విప్పితే

జీవో నంబర్ 1లో ఫీజు సొమ్మును ఎలా ఖర్చుపెట్టాలో కూడా రాశారు. 50 శాతం సిబ్బంది జీతాలకు. 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా వంటి వాటికి. 15 శాతం బడి నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి. యాజమాన్యానికి మిగిలేది 5 శాతం.

ఒక ఊహా లెక్క వేద్దాం. నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా పది తరగతులు, పది మంది టీచర్లు, 200 మంది పిల్లలు. సగటు ఫీజు నెలకు 800 రూపాయలు. అందరూ కడితే లక్షా 60 వేలు. ఐదో వంతు బాకీ పడిందనుకుంటే చేతికొచ్చేది లక్షా 28 వేలు. జీవో ప్రకారం సగం, అంటే 64 వేలు జీతాలకు. ఒక్కో టీచరుకు 6,400 రూపాయలు. యజమాని వాటా 5 శాతం కూడా సరిగ్గా 6,400 రూపాయలే.

నిబంధనను అక్షరాలా పాటించినా ఇదీ పరిస్థితి. ఉపాధి హామీ పనికి తెలంగాణలో 2024–25 కూలి రోజుకు 300 రూపాయలు. నెలలో 22 రోజులు ఆ పని దొరికితే 6,600 వస్తుంది. డిగ్రీ, బీఈడీ చదివి రోజుకు ఏడెనిమిది పీరియడ్లు చెప్పి, సాయంత్రం నోట్సులు ఇంటికి మోసుకుపోయే టీచరమ్మ దానికంటే వెనకబడిందన్నమాట. ఇక పీఎఫ్, గ్రాట్యుటీ కాగితం మీదే ఉండే బడులు, వేసవి సెలవులకు జీతం ఇవ్వని బడులు, ఫీజులు రాలేదని రెండు నెలల జీతం ఆపే బడులు ఉన్నాయి. కందులు అమ్మేదాకా రైతు కట్టని ఫీజు చివరికి టీచరమ్మ జీతంలో కోత అవుతుంది. ఆరునెలల అప్పు మోసేది ఆమెనే.

మరి ఇంత తక్కువ జీతానికి టీచర్లు ఎలా దొరుకుతున్నారు? ఈ ఊళ్లలో చదువుకున్న అమ్మాయిలకు ఇంటికి దగ్గర్లో, ఇంట్లోవాళ్లు అభ్యంతరం చెప్పని ఉద్యోగాలు కొన్నే. బడి వాటిలో ముందుంది. పెళ్లి కాని వాళ్లు డీఎస్సీకి చదువుకుంటూ చేస్తారు. పెళ్లయిన వాళ్లు తమ పిల్లల ఫీజు మాఫీ అవుతుందని చేస్తారు. ఆ అవసరమే చిన్న బడి పెరుగుదలకు ఇంధనం. కుటుంబంలోని ఆడవాళ్ల జీతం లేని పనితో మొదలైన బడి, ఊళ్లోని ఆడవాళ్ల తక్కువ జీతపు పనితో పెద్దదవుతుంది.

చదువు సంగతి

ఇంతకూ పిల్లలకు చదువు బాగా వస్తున్నదా? దీనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి, గెలిచిన ప్రభుత్వ బడి పిల్లలను ప్రైవేటు బడిలో చదివించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెట్టి చూస్తే తెలుగు, లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్–సోషల్‌లో లాటరీ గెలిచిన వాళ్లకూ గెలవని వాళ్లకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడిలో ఎక్కువ మార్కులు కనిపించడానికి చాలా వరకు కారణం అక్కడ చేరే పిల్లల ఇంటి పరిస్థితే అన్నమాట. 2015లో అచ్చయిన ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది: ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

దీన్ని రెండు వైపులా వాడుకుంటారు. యాజమాన్యాలు ‘మూడో వంతు ఖర్చుతో అంతే చదువు చెబుతున్నాం’ అంటాయి. ఉపాధ్యాయ సంఘాలు ‘ఫీజు కట్టి మరీ మీరు తెచ్చుకున్న అదనపు చదువేమీ లేదు’ అంటాయి. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ వదిలేసే సంగతి, ఖర్చు తగ్గింది ముఖ్యంగా టీచరు జీతంలో అన్నది.

పెరిగితే చిక్కు, పెరగకపోతే చిక్కు

బడి ఐదో తరగతి దాటాక బస్సు అడుగుతారు తల్లిదండ్రులు. బస్సు కొంటే చుట్టుపక్కల పల్లెల పిల్లలు వస్తారు. కొనకపోతే పక్క బడి బస్సు వాళ్ల ఇంటి ముందు ఆగుతుంది. ఇక కిస్తీ, డీజిల్, డ్రైవరు, ఫిట్‌నెస్, బీమా. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే క్రాసింగ్ దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టి చిన్నారులు చనిపోయాక, పిల్లలను బడి బస్సు ఎక్కించే ప్రతి తల్లికీ కొంత భయం మిగిలిపోయింది. బస్సు వచ్చాక కరస్పాండెంటుకు పాఠం చెప్పే తీరిక పోతుంది. పిల్లలందరి పేర్లూ నోటికి వచ్చిన మనిషి బాకీల లిస్టుతో తిరగడం మొదలవుతుంది.

పోటీ రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకవైపు నగరం నుంచి వచ్చే కార్పొరేట్ శాఖలు. ఇంకోవైపు 2014 తర్వాత వందల సంఖ్యలో పెరిగిన ప్రభుత్వ గురుకులాలు, 2022–23 నుంచి అన్ని ప్రభుత్వ బడులకూ విస్తరించిన ఇంగ్లిష్ మీడియం. ఐదో తరగతి పూర్తికాగానే చురుకైన పిల్లలు గురుకులానికి, డబ్బున్న పిల్లలు కార్పొరేట్ బడికి వెళ్లిపోతే చిన్న బడికి పై తరగతులు బరువవుతాయి.

కరోనా ఈ బలహీనతను బయటపెట్టింది. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాక ఫీజు ఆగింది, ఫీజుతో పాటే జీతం. టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి పనికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం గుర్తింపున్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. ప్రైవేటు టీచరు కూడా ఆదుకోవాల్సిన శ్రామికురాలేనని ప్రభుత్వం ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. బళ్లు తెరుచుకున్నాక ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి తరం చేతుల్లో

1990ల్లో బడి పెట్టిన వాళ్లకు ఇప్పుడు అరవై దాటుతున్నాయి. పిల్లల్లో కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. వాళ్లకు బడి మీద ఆసక్తి లేకపోతే భవనం లీజుకు పోతుంది. కోడలో కూతురో ఎంబీఏ చదివి వచ్చి కుర్చీలో కూర్చుంటే డిజిటల్ బోర్డులు, యాప్‌లో హాజరు వస్తాయి. ఇవి వచ్చినంత మాత్రాన బడి నిలవదు. మంచి టీచరు పదేళ్లు నిలిస్తే బడి నిలుస్తుంది. ఆమె ఏటా మారిపోతుంటే యాప్ చేసేదేమీ లేదు.

చిన్న కుటుంబ బడి ఉండాలా వద్దా అన్న చర్చకు కాలం చెల్లింది. ఈ రెండు పట్టణాల్లో వేల మంది పిల్లలు రేపు పొద్దున వెళ్లేది అక్కడికే. చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. జీవో నంబర్ 1లోని జీతాల వాటాను విద్యాశాఖ ఏటా తనిఖీ చేయాలి. జీతం బ్యాంకు ఖాతాలోనే, పన్నెండు నెలలూ పడాలి. చిన్న బడులకు గుర్తింపు ప్రక్రియ తేలిక చేసి, అగ్నిప్రమాదం, బస్సు, భవనం విషయంలో మాత్రం ఎంతమాత్రం సడలించకూడదు. యాజమాన్యాల సంఘాలు ఫీజుల కోసం కలిసినట్టే టీచర్ల పీఎఫ్ కోసం కూడా కలవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు ఎంత, బస్సు వస్తుందా, టై బెల్టు ఎక్కడ కొనాలి అని ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: మా పిల్లాడి టీచరు ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నది? ఆమెకు నెలనెలా జీతం అందుతున్నదా? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన కరస్పాండెంటు బడిలో మీ పిల్లలను నిశ్చింతగా చేర్చండి.